కడపలో ఆరుబయట బండి: హస్త కార్తె నుంచి సంక్రాంతి దాకా తుప్పు పట్టకుండా నిలబెట్టిన తీరు

తెల్లారి ఆరు గంటలకు కవరు అంచు పైకెత్తి లోపల చెయ్యి పెట్టి చూస్తే అరచెయ్యి తడిసింది. ముందురోజు చినుకు లేదు. అంతకు రెండు రోజుల ముందు పడిన వానకు కింద నేల నానింది. పగలంతా కాసిన ఎండకు ఆ తడి ఆవిరై కవరు కిందికి ఎక్కింది. రాత్రి చల్లబడగానే కవరు లోపలి వైపున, ట్యాంకు మీద, చువ్వల మీద బొట్లుబొట్లుగా పేరుకుంది. వాటర్‌ప్రూఫ్ కవరు బయటి నీళ్లను రానివ్వదు, నిజమే. లోపలి ఆవిరిని పోనివ్వదు కూడా. వారం తిరిగేసరికి చైను లింకుల మీద ఎర్రటి పొడి కనిపించింది.

ఆ పొడి చూసినాక మొత్తం పద్ధతి మార్చాను. ఇక్కడ రాసేది మార్చిన పద్ధతి. బండ్లు రెండు. ఒకటి కార్బురేటర్ ఉన్న పాత 100 సీసీ బండి: చువ్వల చక్రాలు, డ్రమ్ము బ్రేకులు. రెండోది ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న 150 సీసీ బండి: అల్లాయ్ చక్రాలు, ముందు డిస్కు. రెండూ కాంపౌండు గోడ పక్కన ఆరుబయటే ఉండాలి. పంచ లేదు, షెడ్డు లేదు. సెప్టెంబరు ఆఖరి నుంచి జనవరి మధ్య దాకా, అంటే మూడున్నర నెలలు, తీసేది లేదు.

కడపలో ఏడాదికి పడేది సుమారు 700 మిల్లీమీటర్లు, అనంతపురంలో 550 దాకా. ఇంత తక్కువ వానకు బండికి ఏమవుతుందిలే అనే మాట తరచూ వింటుంటాను. కానీ ఇక్కడి వాన పడే తీరు వేరు. ఉత్తర, హస్త, చిత్త కార్తెల్లో ఒక సాయంత్రం జడివాన కొడుతుంది, మర్నాడు పొద్దున్నే ఎండ చురచురమంటుంది. నవంబరులో తుఫాను పడితే మూడు రోజులు ముసురు. డిసెంబరులో వాన తగ్గినా తెల్లవారుజామున మంచు. కోస్తాలో లాగా ఉప్పుగాలి లేదు గానీ తడవడం, ఉడకడం, చల్లబడడం మాత్రం రోజూ జరుగుతుంది. మూత వేసిన ప్రతిచోటా ఆవిరి పట్టేది ఇందుకే. కాబట్టి పైన వాన ఆగాలి, పక్కన గాలి ఆడాలి, కింద నేల తడి పైకి రాకూడదు. చేసిన పనులన్నీ ఈ మూడింటి కోసమే.

ముందు నేల. మా వీధిలో ఉన్నది నల్లరేగడి. నీళ్లు పీల్చుకుని రోజుల తరబడి విడవని మట్టి. ఆరేటప్పుడు ఆ తడంతా పైకే వస్తుంది, పైన ఉన్నది ఇంజను. పైగా నానిన రేగడిలో సైడు స్టాండు రాత్రికి రాత్రే దిగబడి బండి ఒరిగిపోతుంది. నాపరాళ్లకు ఇక్కడ కొదవ లేదు, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నుంచి వచ్చే రాయికే బయట ఊళ్లలో కడప బండ అని పేరు. ఒక్కో బండికి రెండడుగుల చదరం, అంగుళంన్నర మందం ఉన్నవి 8 బండలు పట్టాయి. పొడవుకు నాలుగు, వెడల్పుకు రెండు పరిస్తే 8 అడుగులకు 4 అడుగులు.

నేలను రెండున్నర అంగుళాలు తవ్వి, అడుగున పాత ప్లాస్టిక్ షీటు రెండు మడతలుగా వేశాను. నేల చెమ్మను ఆపేది ఆ షీటే, బండలు కావు. నాపరాయి సందుల్లోంచి ఆవిరి సులువుగా వస్తుంది. షీటు మీద మూడు అంగుళాల ముతక ఇసుక. ఈ కొలతకు 8 ఘనపుటడుగులు, సిమెంటు సంచితో కొలిస్తే ఆరేడు సంచులు. దాని మీద బండలు. అప్పుడు బండల పైభాగం చుట్టూ ఉన్న నేలకన్నా రెండు అంగుళాలు ఎత్తున ఉంటుంది. గోడ వైపు నుంచి బయటికి నాలుగు అడుగులకు ఒక అంగుళం వాలు పెట్టాను. సందుల్లో సిమెంటు పూయలేదు. రేగడి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకునే నేల, సిమెంటు పూత మొదటి ఎండకే పగులుతుంది. ఇసుక నింపి, అంచుల వెంట ఇటుకలు నిలువుగా పాతితే బండలు జరగవు.

తర్వాత పైకప్పు. కవరు బండిని తాకుతుంది, పందిరి తాకదు. ఈ మధ్యలో ఉండే గాలి చోటే అసలైన రక్షణ. దీని గురించి ఒక సంగతి చాలామంది గమనించరు. మంచు ఆకాశం నుంచి కురిసేది కాదు. రాత్రి తేట ఆకాశం కింద ఉన్న ఇనుము తన వేడిని పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికన్నా ఎక్కువ చల్లబడుతుంది. ఆ చల్లటి ఇనుముకు తగిలిన గాలిలోని తేమ నీళ్లవుతుంది. అడ్డంగా ఒక పట్ట ఉంటే ఇనుము అంత చల్లబడదు. డిసెంబరు తెల్లవారుజామున పందిరి కింద ఉన్న ట్యాంకు పొడిగా ఉంటే, నాలుగడుగుల దూరంలో బయట పెట్టిన సైకిలు సీటు మీద వేలితో గీత గీయగలిగినంత నీరు ఉండేది. అంటే పందిరి వాన లేని నెలలో కూడా పని చేస్తుంది.

పందిరికి అంగుళంన్నర జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపులు నాలుగు: 9 అడుగులవి రెండు, 8 అడుగులవి రెండు. రెండడుగులు నేలలోకి దింపి కంకర, సిమెంటు పోస్తే గోడ వైపు 7 అడుగులు, బయటి వైపు 6 అడుగుల ఎత్తు మిగులుతుంది. అద్దె ఇంట్లో గోడకు రంధ్రాలు కొట్టే అవసరం రాదు. పై నుంచి పట్ట. పల్చటి నీలం పట్ట మా ఎండకు ఒక్క వేసవి కూడా ఆగదు, చేత్తో లాగితే పీలికలవుతుంది. 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల బరువు) పైన ఉన్నది, 12 అడుగులకు 9 అడుగులది తీసుకున్నాను. పందిరి కన్నా రెండడుగులు ఎక్కువ ఉండాలి, చూరు కిందికి దిగితేనే జల్లు బండి మీదికి రాదు.

పట్ట కట్టడంలోనే ఎక్కువ మంది తప్పు చేస్తారు. రింగులకు నేరుగా ప్లాస్టిక్ తాడు బిగిస్తే మొదటి ఈదురుగాలికి రింగు ఊడి వస్తుంది, పట్ట అక్కడి నుంచి చినుగుతుంది. పాత సైకిలు ట్యూబును అంగుళం వెడల్పు ముక్కలుగా కోసి, రింగుకు ట్యూబు ముక్క, ట్యూబుకు తాడు కట్టాను. గాలి కొట్టినప్పుడు ట్యూబు సాగి మళ్లీ వెనక్కి వస్తుంది. రెండో తప్పు, మధ్యలో పట్ట వేలాడడం. చదరపు మీటరు చోట ఒక సెంటీమీటరు నీళ్లు నిలిస్తే 10 కిలోల బరువు. ఆ బరువుకు ఇంకా సాగి ఇంకా నీళ్లు పడతాయి, చివరికి మొత్తం బండి మీద కూలుతుంది. రెండడుగులకు ఒకటి చొప్పున వెదురు కర్రలు అడ్డంగా వేసి, చివర్లకు గోనెపట్ట చుట్టాను. లేకపోతే కర్ర మొన పట్టను పొడుస్తుంది.

అక్టోబరు నుంచి వానగాలి ఈశాన్యం నుంచి వస్తుంది. కాబట్టి తూర్పు, ఉత్తరం వైపులకు మాత్రమే పక్క పరదా దించాను. అది కూడా నేలకు రెండడుగుల పైన ఆపాను. నాలుగు వైపులా నేల దాకా దించితే మళ్లీ అదే కవరు కథ, కాస్త పెద్ద సైజులో.

పందిరి కింద బండి మీద వేసింది పూత లేని పల్చటి పాలిస్టరు కవరు, దుమ్ము కోసం. వెండి రంగు పూత ఉన్నది వాడలేదు. అడుగున ముడి బిగించలేదు, నడుము దగ్గర ఒక్క పట్టీ. గాలికి ఎగిరే కవరు దుమ్ముతో కలిసి ట్యాంకు రంగును గరుకు కాగితంలా గీకుతుంది, అందుకని ట్యాంకు మీద మెత్తటి పాత నూలు గుడ్డ వేసి పైన కవరు వేశాను.

పందిరి వేసుకునే చోటు లేనివాళ్లు కవరుతోనే నెట్టుకురావాలంటే కొన్ని జాగ్రత్తలు చాలు. పక్కల గాలి రంధ్రాలున్న కవరు తీసుకోండి. సీటు మీద ఒక దిండు పెడితే నడుమ ఎత్తు వచ్చి నీళ్లు పక్కలకు జారతాయి. కవరు అంచు నేలకు ముప్పావు అడుగు పైన ఉండాలి. వాన వెలిసి ఎండ రాగానే కవరు తీసి, తిరగేసి, లోపలి వైపు ఆరబెట్టి, సాయంత్రం నాలుగు దాటాక పొడి బండికి వేయండి. తడి కవరు మళ్లీ వేయడం కన్నా ఆ రాత్రి కవరు లేకుండా వదిలేయడమే మేలు. చింతచెట్టు కిందో వేపచెట్టు కిందో పెడితే నీడ ఉంటుంది గానీ వాన ఆగిన రెండు గంటల దాకా చెట్టు కారుతూనే ఉంటుంది. పిట్టల రెట్ట రెండు ఎండలు తగిలితే రంగులో మచ్చగా దిగిపోతుంది.

ఇక బండి పని. నిలబెట్టే రోజు కాకుండా రెండు రోజుల ముందు కడిగాను. ప్రెషర్ పంపుతో కొట్టించలేదు. ఆ వేగానికి నీళ్లు చక్రాల బేరింగుల్లోకి, వైర్ల కప్లర్లలోకి పోతాయి, తర్వాత నెలలపాటు బయటికి రావు. బకెట్టు, షాంపూ, మెత్తటి గుడ్డ చాలు. మా బోరు నీళ్లు ఉప్పునీళ్లు, ఆరితే తెల్ల మచ్చలు. ఆఖరి రెండు బకెట్లు మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, 15 కిలోమీటర్లు నడిపాను. బ్రేకు డ్రమ్ముల్లో, చైను కవరులో, సైలెన్సర్‌లో ఉన్న నీళ్లు ఆరేది ఈ నడకతోనే. రంగు ఉన్నచోట వ్యాక్సు. చువ్వలు, రిమ్ము, సైలెన్సర్ వంపు, హ్యాండిలు మీద ఇంజను ఆయిలు, కిరోసిను సగంసగం కలిపిన గుడ్డతో తుడిచాను. టైర్లకు, డిస్కుకు, బ్రేకు ప్యాడ్లకు ఆ గుడ్డ తగలకూడదు. డిస్కు మీద సన్నటి తుప్పు పొర వస్తే రానివ్వండి, నాలుగుసార్లు బ్రేకు పట్టగానే పోతుంది. నూనె తగిలిన ప్యాడ్లు మాత్రం మార్చాల్సిందే.

నడిపి వచ్చిన వేడి మీదనే ఇంజను ఆయిలు మార్చాను. వాడిన ఆయిలులో మండగా మిగిలిన ఆమ్లాలు, నీటి ఆవిరి ఉంటాయి. అవి మూడు నెలలు బేరింగుల మీద కూర్చోకూడదు. 100 సీసీ బండికి పట్టింది 900 మిల్లీలీటర్లు, 10డబ్ల్యూ30 గ్రేడు. తీసిన ఆయిలు నల్లగా ఉంటే మామూలే. మజ్జిగ రంగులో ఉంటే లోపల నీళ్లు కలిశాయని అర్థం, అప్పుడు ఒకసారి కొత్త ఆయిలు పోసి కాసేపు నడిపి మళ్లీ మార్చాలి.

పెట్రోలు దగ్గర ఎక్కువ జాగ్రత్త పడాలి. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. ఒక మోతాదు దాకా నీటిని తనలో కలుపుకుంటుంది. అది దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. ఇనుప ట్యాంకు లోపలి తుప్పు అక్కడే మొదలవుతుంది. సగం ఖాళీ ట్యాంకులో సగం గాలి ఉంటుంది. ఆ గాలి పగలు వ్యాకోచించి మూత రంధ్రంలోంచి పోతుంది, రాత్రి తేమతో సహా మళ్లీ లోపలికి వస్తుంది. అందుకని రెండు ట్యాంకులూ మెడ కింద అంగుళం మాత్రం వదిలి నింపాను. అంచు దాకా నింపితే మధ్యాహ్నం ఎండకు పెట్రోలు పొంగి మూత పక్క నుంచి కారుతుంది.

కార్బురేటర్ బండికి ట్యాప్ ఆఫ్ చేసి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడిపి, ఆ తర్వాత కార్బురేటర్ గిన్నె అడుగున ఉన్న స్క్రూ విప్పి మిగిలింది గాజు సీసాలోకి వదిలాను. సుమారు 20 మిల్లీలీటర్లు వచ్చింది. సీసాను వెలుతురుకు పెట్టి చూస్తే అడుగున కందిగింజంత నీటి బొట్టు, పెట్రోలులో కలవకుండా, సీసా వంచినప్పుడల్లా అటూ ఇటూ దొర్లుతోంది. పక్కన రెండు మూడు ఎర్రటి రేణువులు. ఆ ఒక్క బొట్టు పెట్రోలు దూరే సన్నటి జెట్టు రంధ్రం దగ్గర మూడు నెలలు ఉంటే తెల్లటి చిలుము కట్టి రంధ్రం మూసుకుపోతుంది. నిలబెట్టిన బండి స్టార్టు కాదనే వాటిలో ఎక్కువ ఇదే. ఇంజెక్షను బండికి ట్యాప్ ఉండదు, పంపు పెట్రోలులో మునిగి ఉండడమే మంచిది కాబట్టి నింపి వదిలేయడమే.

ట్యాంకు మూత గుంతలో ఉండే బండ్లకు ఒక దాచిన శత్రువు ఉంది. మూత చుట్టూ పడిన వాన నీళ్లు కిందికి పోవడానికి సన్న గొట్టం ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుపోతే నీళ్లు మూత చుట్టూ నిలిచి, రబ్బరు పాతదైతే ట్యాంకులోకే దిగుతాయి. 150 సీసీ బండి మూత తెరిచి, ఆ రంధ్రంలో చెంచాడు నీళ్లు పోసి కింద గొట్టంలోంచి వస్తున్నాయో లేదో చూశాను. పోసేటప్పుడు ట్యాంకు నోటికి గుడ్డ అడ్డం పెట్టాలి. రాలేదు. సన్నటి నైలాను దారం దూర్చి ఆడిస్తే ఎర్రమట్టి ముద్ద బయటికొచ్చింది.

సిలిండరు లోపలికి కూడా తేమ పోతుంది. తెరిచి ఉన్న వాల్వు గుండా వచ్చిన తేమ గాలి సిలిండరు గోడను తుప్పు పట్టిస్తుంది, పిస్టను రింగులు అక్కడే అతుక్కుంటాయి. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్లు, కొత్త ఇంజను ఆయిలు వేశాను. కీ ఆఫ్‌లోనే ఉంచి బండిని మెయిన్ స్టాండు మీద టాప్ గేరులో పెట్టి, వెనుక చక్రాన్ని చేత్తో నెమ్మదిగా నాలుగైదు చుట్లు తిప్పితే ఆయిలు గోడలంతా పాకుతుంది. చైను దగ్గర వేళ్లు పెట్టొద్దు. ప్లగ్గు తిరిగి బిగించాలి.

బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టాను. ముందు మైనస్, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్. స్పానరు బండి ఇనుముకు తగిలితే నిప్పురవ్వలు రాకుండా ఈ వరస. నిండా చార్జి అయినది, చార్జరు తీసి కొన్ని గంటలు వదిలేశాక 12.7 వోల్టులు చూపించాలి. 12.4కు దిగినప్పుడల్లా చార్జి పెట్టాను, రెండు బ్యాటరీలకు కలిపి మూడున్నర నెలల్లో అయిదుసార్లు. చార్జరు కరెంటు బ్యాటరీ ఆంపియర్-అవర్లలో పదో వంతు ఉండాలి, 3 ఆంపియర్-అవర్ల దానికి 0.3 ఆంపియరు. కారు బ్యాటరీ చార్జరు తగిలిస్తే చిన్న బ్యాటరీ ఉబ్బిపోతుంది. బండి వైపు ఉన్న టెర్మినల్ వైర్లకు పెట్రోలియం జెల్లీ పూసి వదిలాను, పచ్చ చిలుము పట్టేది అక్కడే.

చైను: కిరోసినులో తడిపిన బ్రష్షుతో మురికి దులిపి, గుడ్డతో తుడిచి, గంట ఆరనిచ్చి, 90 నంబరు గేరు ఆయిలు లింకుకు ఒక చుక్క చొప్పున లోపలి వైపు నుంచి వేశాను. మొత్తం 10 మిల్లీలీటర్లకు మించదు. పూర్తిగా ఆరకముందే ఆయిలు వేస్తే తడి దాని కిందే బందీ అవుతుంది. డబ్ల్యూడీ-40 చల్లి సరిపెట్టొద్దు. అది నీళ్లను తరమడానికి మంచిదే, నెలల తరబడి నిలిచే నూనె మాత్రం కాదు. క్లచ్ కేబులు, యాక్సిలేటరు కేబులు పై చివర విప్పి, పాలిథిన్ కవరు మూలను గరాటులా కట్టి, కింద చివరలో ఆయిలు కనిపించేదాకా చుక్కచుక్కగా వదిలాను. ముందు షాకుల రాడ్ల మీద సన్నటి గ్రీజు పొర. అక్కడ ఆవగింజంత తుప్పు గుంట పడినా ఆయిలు సీలు కోసుకుపోతుంది.

స్విచ్చులకు పాలిథిన్ చుట్టి రబ్బరు బ్యాండు వేసే అలవాటు చాలామందిలో ఉంది. రెండు వైపులా బిగిస్తే లోపల చెమట పడుతుంది. పైన మాత్రమే కట్టి కింద గంటలా తెరిచి వదిలాను. హారను మూతికీ అంతే. తాళం రంధ్రంలో రెండు చుక్కల పల్చటి నూనె వేసి మీద టేపు ముక్క అంటించాను. కవరు కింద సిలికా జెల్ సంచులు వేలాడదీస్తే ఉపయోగం లేదు. మూసిన డబ్బాలో అవి పని చేస్తాయి, గాలి ఆడే చోట ఒక్క రాత్రిలో నిండిపోతాయి.

సైలెన్సర్ మూతికి నూనె గుడ్డ ఉండ దోపి, ఎర్ర రిబ్బను బయటికి వదిలాను. సైలెన్సర్ అడుగున ఉండే చిన్న రంధ్రం మాత్రం మూయకూడదు, లోపలి నీళ్లు కారేది దాని గుండానే. ఎయిర్ ఫిల్టరు డబ్బా గాలి పీల్చే మూతికి సన్నటి ఇనుప జాలీ కట్టాను. చేలల్లో వేరుశనగ పెరికే కాలంలో ఎలుకలు ఇళ్ల వైపు వస్తాయి, ఫిల్టరు డబ్బా వాటికి వెచ్చని గూడు, వైర్లు కొరకడం తర్వాతి పని. మూసినవన్నీ ఒక తెల్ల టేపు మీద రాసి హ్యాండిలుకు అంటించాను: సైలెన్సర్ గుడ్డ, ఫిల్టరు జాలీ, తాళం టేపు, పెట్రోలు ట్యాప్.

టైర్లలో మామూలు కన్నా 4 పీఎస్ఐ ఎక్కువ గాలి పెట్టి, మెయిన్ స్టాండు మీద నిలిపాను.

తెలిసిన మెకానిక్ చూసి, "అన్నా, ఇదంతా ఎందుకు, పొద్దున్నే ఒకసారి స్టార్టు చేసి రెండు నిమిషాలు వదిలేయ్, చాలు" అన్నాడు. మంచి మనసుతో చెప్పే సలహా, ఊళ్లో అందరూ చెప్పేదే. నా లెక్కలో నిలబెట్టిన బండికి ఇంతకన్నా చెరుపు లేదు. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. 10, 15 కిలోమీటర్లు నడిచి సైలెన్సర్ బాగా కాగితే ఆ ఆవిరి బయటికి పోతుంది. రెండు నిమిషాల్లో సైలెన్సర్ కాగదు, ఆవిరి లోపలే నీళ్లవుతుంది, కొంత ఇంజను ఆయిలులోకి దిగుతుంది. రోజూ అలా చేస్తే సైలెన్సర్ లోపలి నుంచి తుప్పు తినేస్తుంది. నడిపితే సరిగ్గా నడపాలి, లేకపోతే ముట్టుకోకూడదు.

మధ్యలో చేసింది తక్కువే. వారానికోసారి, ఎండ ఉన్న రోజు పదింటికి కవరు తీసి నాలుగింటికి వేయడం. తీసేముందు కర్రతో కవరును తట్టి దులపాలి, వానాకాలంలో తేళ్లు, పాములు పొడి చోటు వెతుక్కుంటాయి. చక్రాలు రెండు చుట్లు తిప్పి బ్రేకు నాలుగుసార్లు నొక్కితే డ్రమ్ములో లైనర్లు అతుక్కోవు. పట్ట తాళ్లు బిగించడం. అంతే.

వరద సంగతి వేరు. 2009 అక్టోబరులో కర్నూలులో, 2020 నవంబరులో నివర్ తుఫానుకు బుగ్గవంక పొంగి కడపలో, వీధుల్లో బండ్లు మునిగాయి. ఇంజను దాకా నీళ్లు వచ్చిన బండికి కిక్కు గానీ సెల్ఫు గానీ కొట్టొద్దు. సిలిండరులో నీళ్లుంటే అవి గాలిలా నలగవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బ్యాటరీ మైనస్ విప్పి, ప్లగ్గు తీసి, చక్రం తిప్పి నీళ్లు వెళ్లగొట్టి, ఆయిలు, ఫిల్టరు మార్చి, పెట్రోలు పూర్తిగా వంపిన తర్వాతే స్టార్టు. పూర్తి బీమా ఉంటే కదిలించకముందు నీటి గుర్తు కనిపించేలా ఫొటోలు తీసి కంపెనీకి తెలపండి.

సంక్రాంతికి తీసిన రోజు టేపు మీద రాసినవి ఒక్కొక్కటి విప్పి కొట్టేస్తూ పోయాను. బ్యాటరీ బిగించి, ట్యాప్ ఆన్ చేసి, గిన్నె నిండడానికి రెండు నిమిషాలు ఆగాను. కీ ఆఫ్‌లోనే నెమ్మదిగా ఆరు కిక్కులు, ఆయిలు పైకి ఎక్కడానికి. ఆ తర్వాత చోక్ వేసి కొడితే నాలుగో కిక్కుకు అందుకుంది. సిలిండరులో వేసిన ఆయిలు మండి మొదటి రెండు మూడు నిమిషాలు తెల్లపొగ వస్తుంది, కంగారు పడొద్దు. ఇంజెక్షను బండికి కీ ఆన్ చేసి పంపు చప్పుడు ఆగేదాకా ఆగి, మళ్లీ ఆఫ్ చేసి ఆన్ చేసి, సెల్ఫు కొట్టాను.

షాకుల రాడ్ల గ్రీజు తుడిచేశాను, వదిలేస్తే దుమ్ము పట్టి సీలును తినేస్తుంది. టైర్ల గాలి మామూలుకు దించాను. డ్రమ్ము బ్రేకు మొదటి కిలోమీటరు గరగరమని ఒక్కసారిగా పట్టింది, అందుకే ఖాళీ రోడ్డు మీద 20 వేగంలో పదిసార్లు మెల్లగా పట్టి వదిలాను. చువ్వల్లో వెనుక చక్రానివి మూడింటికి నిపుల్స్ (చువ్వను రిమ్ముకు బిగించే నట్లు) దగ్గర గోధుమరంగు మచ్చలు, పక్క పరదా అంచు నుంచి జల్లు కొట్టిన వైపున. వచ్చే ఏడు ఆ పరదా ఇంకో అడుగు పొడిగించాలి. 15 కిలోమీటర్లు నడిపి వచ్చి చైను తుడిస్తే గుడ్డకు నల్లటి నూనే అంటింది, ఎరుపు లేదు. చైను మధ్యలో నొక్కితే కదిలే వదులు 25 మిల్లీమీటర్లు ఉంది.